పాసా, టికెట్టా?

పొద్దున్న కొవ్వూరు స్టేషన్లో ప్యాసింజరు కోసం నిలబడ్డవాళ్ళను కాస్త గమనిస్తే రెండు జట్లు కనిపిస్తాయి. కౌంటరు ముందు వరుసలో చిల్లర లెక్కపెట్టుకునేవాళ్ళు ఒక జట్టు. వరుస వైపు చూడకుండా నేరుగా ప్లాట్‌ఫారం మీదికొచ్చి, తమ బోగీ ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ నిలబడేవాళ్ళు రెండో జట్టు. వీళ్ళ దగ్గర సీజన్ పాసు ఉంటుంది. కాలేజీ, బట్టలకొట్టు, ఆస్పత్రి, ఆఫీసు అన్నీ గోదావరి అవతలి గట్టున రాజమండ్రిలోనే. కొందరు వంతెన దాటగానే గోదావరి స్టేషన్లో దిగిపోతారు, మిగిలినవాళ్ళు రాజమండ్రి దాకా వెళతారు.

చూడగానే సీజన్ ఉన్నవాడే తెలివైనవాడు అనిపిస్తుంది. అన్నిసార్లూ కాదు. పాసు లాభమా నష్టమా అన్నది పాసు ధర మీద కంటే, కొన్నవాడి నెల ఎలా గడుస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. కొవ్వూరు నుంచి రాజమండ్రికి వెళ్ళే గుమాస్తాకైనా, రెండు లక్షలు ఖర్చుపెట్టి స్విట్జర్లాండ్ కొండలెక్కాలనుకునే కుటుంబానికైనా లెక్క ఒకటే. అంకెలు మాత్రం మారతాయి.

ముందు దగ్గరి లెక్క చూద్దాం.

ప్యాసింజరులో కనీస ఛార్జీ 10 రూపాయలు. కోవిడ్ తర్వాత ప్యాసింజర్లను ఎక్స్‌ప్రెస్ స్పెషళ్ళ పేరుతో నడిపినన్నాళ్ళూ అది 30 అయింది. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి దిగింది. ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో కనీసం ఇప్పటికీ 30. అంటే ప్యాసింజరు మనిషికి రోజుకు రానూపోనూ 20, ఎక్స్‌ప్రెస్ మనిషికి 60. నెల సీజన్ ధరను ఈ అంకెతో భాగిస్తే ఎన్ని రోజులు వెళితే గిట్టుబాటవుతుందో వస్తుంది. అదే సీజను, అదే ధర. కానీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాడికి మూడో వంతు రోజుల్లోనే డబ్బు తిరిగొస్తుంది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకరికి లాభమైన పాసు రెండోవారికి నష్టం కావడం ఇలాగే.

ఇక్కడ చిన్న అక్షరాల సంగతి ఒకటుంది. సీజన్ ఉంది కదా అని కనిపించిన రైలల్లా ఎక్కడానికి లేదు. రిజర్వేషన్ బోగీలో అది చెల్లదు. సూపర్‌ఫాస్ట్‌కి అదనపు రుసుము కట్టాలి. అసలు అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ కొవ్వూరులో ఆగవు. కాబట్టి 'ఎక్స్‌ప్రెస్ లెక్క' వేసుకునేవాడు తన టైముకి వచ్చే బండి ఏదో, అది ఇక్కడ ఆగుతుందో లేదో, అందులో సీజన్‌ను ఒప్పుకుంటారో లేదో ముందు కనుక్కోవాలి. టీసీ ముందు కనుక్కుంటే ఖరీదెక్కువ.

ఇంకాస్త లోతుగా వెళితే మూడు నెలల సీజన్ దగ్గర అసలు గమ్మత్తు బయటపడుతుంది. రైల్వే దాని ధరను నెల సీజన్‌కు 2.7 రెట్లు పెట్టింది. అంటే పది శాతం తగ్గింపు. ఆరు నెలలకూ ఏడాదికీ ఇచ్చేచోట్ల 5.4 రెట్లు, 10.8 రెట్లు. వినడానికి ఏడాది పాసు గొప్ప బేరం. కానీ ఒక స్కూలు టీచరమ్మ సంగతి చూడండి. వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి పోగా ఆవిడ బడికెళ్ళేది పది నెలలు. పది నెల సీజన్లకు అయ్యేది పది రెట్లు. ఏడాది పాసుకు 10.8 రెట్లు. తగ్గింపు ఇచ్చిన పాసే ఖరీదైపోయింది! మూడు నెలల పాసుదీ అదే తీరు. అందులో ఒక నెల సెలవుల్లో పోతే, విడివిడిగా తీసిన రెండు నెల సీజన్లే చవక. వాడని రోజులకు సీజన్ మీద డబ్బు వెనక్కి రాదు. పంచాంగం ముందు పెట్టుకోకుండా పాసు కొనడం మంచిది కాదని చెప్పేది అందుకే.

మరో సంగతి. కొందరికి ఈ లెక్కే అవసరం లేదు. ఇంటర్ దాకా చదివే అబ్బాయిలకు, డిగ్రీ దాకా చదివే అమ్మాయిలకు ఇంటి నుంచి చదువుకునే చోటికి రెండో తరగతి నెల సీజన్‌ను రైల్వే ఉచితంగానే ఇస్తుంది. తెలియక డబ్బు కట్టే ఇళ్ళు ఇంకా ఉంటాయి. ఇక 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. 1974లో తెరిచిన రోడ్ కం రైలు వంతెన మీద పైన బస్సు, కింద రైలు. పైన వెళితే ఉచితం, కింద వెళితే డబ్బు. రైలు తొందరగా చేరుస్తుంది కాబట్టి సీజన్ తీసే ఆడవాళ్ళు ఉండొచ్చు, తప్పేం లేదు. అయితే వాళ్ళు కొంటున్నది ప్రయాణాన్ని కాదు, మిగిలే టైముని. ఆ టైముకి ఎంత పెట్టొచ్చో ఎవరికి వారే చెప్పుకోవాలి.

లెక్కలు ఇంత తేలికైతే మనుషులు తప్పెందుకు చేస్తారు? దీని మీద అమెరికాలో రెండు మంచి పరిశీలనలు ఉన్నాయి. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు మూడు జిమ్ముల రికార్డులు తిరగేసి 2006లో ఒక వ్యాసం అచ్చువేశారు. నెలకు 70 డాలర్ల పైన కట్టే సభ్యులు సగటున నెలకు 4.3 సార్లే వచ్చారు. అంటే ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. అదే జిమ్ములో పది టికెట్ల కట్ట కొంటే ఒక్కోసారికి పది డాలర్లే. వీళ్ళకు కూడిక రాదా? వచ్చు. రేపటి నుంచి రోజూ వెళతామని నమ్మారు, అంతే.

రెండోది దానికి తిరగేసిన బొమ్మ. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రకటించిన పరిశోధనలో ఒహాయో విశ్వవిద్యాలయం నాటకశాల సీజన్ టికెట్లు కొన్నవాళ్ళను మూడు గుంపులు చేశారు. కొందరికి పూర్తి ధర 15 డాలర్లు, కొందరికి రెండు డాలర్ల తగ్గింపు, కొందరికి ఏడు డాలర్ల తగ్గింపు. ఎవరికి ఏది దొరికిందన్నది కేవలం అదృష్టం. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్ళే ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. అందరికీ అవే నాటకాలు, అవే సీట్లు. కట్టిన డబ్బు కాళ్ళను లాక్కెళ్ళింది.

ఒకటి పాసు కొని వాడకపోవడం, రెండోది కొన్నాం కాబట్టి వాడటం. ఫుల్ మీల్స్ టోకెన్ తీసుకున్నవాడు ఆకలి తీరాక కూడా ఇంకో గరిటె సాంబారు పోయించుకున్నట్టు, పాసు చేతిలో ఉన్న యాత్రికుడు ఒళ్ళు నొప్పులొస్తున్నా మరో ఊరికి బండెక్కుతాడు. సెలవు యాత్రల్లో ఈ రెండో జబ్బే ఎక్కువ.

మన దేశంలో యాత్రల కోసం అలాంటి పాసు ఒకప్పుడు ఉండేది. విదేశీయులకూ ప్రవాస భారతీయులకూ రోజుల లెక్కన అమ్మిన ఇండ్‌రైల్ పాసు అది. 2017లో ఆపేశారు. ఇప్పుడు మామూలు యాత్రికుడికి దానికి దగ్గరగా ఉన్నది సర్క్యులర్ జర్నీ టికెట్ ఒక్కటే. బయల్దేరిన స్టేషన్‌కే తిరిగొచ్చేలా, మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగేలా ఒకే టికెట్ ఇస్తారు. రాజమండ్రిలో బయల్దేరి పూరి, గయ, కాశి, ప్రయాగ చూసుకుని నాగ్‌పూర్, విజయవాడల మీదుగా తిరిగొచ్చే కుటుంబానికి ఇది సరిపోతుంది.

దీని వెనక లెక్క ఏమిటంటే, రైలు ఛార్జీలో దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతుంది. అయిదు చిన్న టికెట్లు తీస్తే ప్రతిసారీ ఎక్కువ ధర దగ్గర మొదలవుతుంది. సర్క్యులర్ టికెట్‌లో మొత్తం దూరాన్ని రెండు సగాలు చేసి, రెండు పొడుగు ప్రయాణాలుగా వెల కడతారు. అందుకే తగ్గుతుంది. చిక్కేమిటంటే ఇది మామూలు కౌంటర్లో చేతికివ్వరు. రూటు రాసి డివిజన్ కమర్షియల్ అధికారుల దగ్గర ధర కట్టించుకోవాలి, తర్వాత ఒక్కో బండికీ విడిగా రిజర్వేషన్ చేయించుకోవాలి. మధ్యలో ఒక్క బెర్తు దొరక్కపోతే మొత్తం కదిలిపోతుంది. ఓపిక లేనివాళ్ళ కోసం 2023 మార్చి నుంచి ఐఆర్‌సీటీసీ పుణ్యక్షేత్ర యాత్ర పేరుతో భారత్ గౌరవ్ రైళ్ళు నడుపుతోంది. అందులో బెర్తు, భోజనం, బస అన్నీ కలిపి ఒకే ధర. అది పాసూ కాదు, టికెట్టూ కాదు. నిర్ణయాలన్నీ ఇంకొకరికి అప్పజెప్పడం. పెద్దవయసు తల్లిదండ్రులతో వెళ్ళేవాళ్ళకు అది తక్కువ విషయం కాదు.

కొండ రైళ్ళ దగ్గర మాత్రం మన దగ్గర పాసు ఊసే లేదు. విశాఖ నుంచి అరకు వెళ్ళే కిరండూల్ ప్యాసింజరుకు 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ తగిలించారు. సొరంగాల మీద సొరంగాలు దాటుతూ వెళ్ళే ఆ బోగీలో సీటు కావాలంటే ముందుగా టికెట్ కొనాల్సిందే. ఊటీ బండీ అంతే. మెట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్ల దారిలో కొంత మేర పళ్ళచక్రం మీద పాక్కుంటూ ఎక్కే ఆ రైలుకు స్విట్జర్లాండ్‌తో చుట్టరికం ఉంది. పళ్ళపట్టా పద్ధతి రోమన్ ఆప్ట్ అనే స్విస్ ఇంజనీరుది. దశాబ్దాల పాటు దాన్ని లాగిన ఆవిరి ఇంజన్లు వచ్చింది స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్ కర్మాగారం నుంచి.

ఆ పుట్టింటికే ఇప్పుడు వెళదాం. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉద్యోగం చేసే పిల్లలు గోదావరి జిల్లాల్లోని అమ్మానాన్నలను ఐరోపా తీసుకెళ్ళడం ఇప్పుడు కొత్తేం కాదు. యూంగ్‌ఫ్రౌయోఖ్ మీద బాలీవుడ్ పేరుతో భోజనశాల, టిట్లిస్ మీద షారుఖ్, కాజోల్ నిలువెత్తు బొమ్మ ఎందుకున్నాయో వచ్చేవాళ్ళను చూస్తే తెలుస్తుంది. ఈ యాత్రలో విమానం, హోటల్ తర్వాత పెద్ద ఖర్చు రైళ్ళే.

స్విస్ ట్రావెల్ పాసు బయటి దేశాలవాళ్ళకే అమ్ముతారు. 2025లో రెండో తరగతిలో వరసగా 3 రోజులకు 244 ఫ్రాంకులు, 8 రోజులకు 419, 15 రోజులకు 459. ఫ్రాంకు వంద రూపాయలు దాటిపోయింది కాబట్టి పక్కన రెండు సున్నాలు పెట్టుకుంటే ఇంచుమించు తెలుస్తుంది. ఈ అంకెల్లో ఒక గాలం దాగి ఉంది. మూడు రోజులది రోజుకు 81 పడుతుంది, ఎనిమిది రోజులది 52. ఎనిమిది నుంచి పదిహేనుకు వెళ్ళడానికి ఇంకో 40 చాలు. 'పోన్లే నాన్నా, నలభయ్యే కదా, పదిహేను రోజులది తీసుకో' అనిపించేది అక్కడే. ఉండేది తొమ్మిది రోజులైనప్పుడు ఆ నలభై కూడా దండగ కావచ్చు.

రోజు ధర చూడటం తప్పు కాదు. భాగించాల్సింది మాత్రం పాసు మీద రాసిన రోజులతో కాదు, దూరం బండెక్కే రోజులతో. ఒక కుటుంబం లూసెర్న్‌లో మూడు రాత్రులు, ఇంటర్‌లాకెన్‌లో నాలుగు రాత్రులు ఉంటుందనుకుందాం. మొదటిరోజు జ్యూరిక్ నుంచి లూసెర్న్. రెండోరోజు పడవలో విట్స్‌నావ్, అక్కడి నుంచి 1871 నాటి పళ్ళచక్రం బండిలో రిగి కొండ. మూడోరోజు టిట్లిస్. నాలుగోరోజు ఇంటర్‌లాకెన్. తర్వాత ఒకరోజు యూంగ్‌ఫ్రౌ, ఒకరోజు లౌటర్‌బ్రున్నెన్, మ్యూరెన్, చివరిరోజు తిరిగి జ్యూరిక్. ఎనిమిదిలో ఏడు రోజులు బండి మీదే. ఇలాంటివాళ్ళు మరో ఆలోచన లేకుండా ఎనిమిది రోజుల పాసు తీసుకోవచ్చు. పడవ, రిగి కొండ, ఊళ్ళో బస్సులు, అయిదొందల పైచిలుకు మ్యూజియంలు అందులోనే వస్తాయి. పదహారేళ్ళ లోపు పిల్లలు తల్లిదండ్రులతో ఉంటే ఫ్యామిలీ కార్డు మీద ఉచితం.

అదే కుటుంబం ఇంటర్‌లాకెన్‌లోనే వారమంతా ఉండి, వానొస్తే గదిలో కాఫీ తాగుతూ, ఎండొస్తే సరస్సు గట్టున తిరుగుతూ, మూడు రోజులు మాత్రమే దూరం వెళ్ళేదైతే? హోటల్ ఇచ్చే గెస్ట్ కార్డుతో ఊళ్ళో బస్సులు ఉచితమే. దూరం వెళ్ళే మూడు రోజులకు సేవర్ డే పాసు చూడాలి. ఆరు నెలల ముందు నుంచి అమ్ముతారు, 2025లో అన్నిటికంటే తక్కువ ధర 52 ఫ్రాంకులు. ముందే దొరికితే మూడింటికి 156. ఆ మూడు రోజులు వరసగా రాకుండా వారమంతా పరుచుకున్నప్పుడు, విడివిడి రోజులకిచ్చే ఫ్లెక్స్ పాసు వదిలేసి వరస రోజుల ట్రావెల్ పాసు తీసుకుంటే ఎనిమిది రోజులది కావాలి, 419. తేడా ఒక్కో పెద్ద మనిషికి పాతికవేల పైన.

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు ఇక్కడ ఒక మెలిక. సేవర్ డే పాసు తేదీకి కట్టుబడిన టికెట్టు, డబ్బు వెనక్కి రాదు. షెంగెన్ వీసా దరఖాస్తు కూడా ప్రయాణానికి ఆరు నెలల ముందు కంటే ముందు పెట్టనివ్వరు. వీసా చేతికి రాకముందే చవక పాసు కొంటే ఆ డబ్బు పందెం కాసినట్టే. వీసా వచ్చాక కొందామంటే చవకవి అయిపోతాయి. వీసా విషయంలో ధైర్యం ఉన్నవాళ్ళు కొనొచ్చు. మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకు మాత్రం ఆగడమే మేలు, నాలుగు ఫ్రాంకులు ఎక్కువైనా సరే.

మూడో దారి హాఫ్ ఫేర్ కార్డు. దీన్ని మనవాళ్ళు ఎందుకో పెద్దగా పట్టించుకోరు, 'పాసు' అన్న పేరు లేకపోవడం వల్ల కావచ్చు. నెల రోజులు దాదాపు ప్రతి టికెట్టూ సగం ధరకే. దీని లెక్క అన్నిటికంటే సులువు. మొత్తం టికెట్ల పూర్తి ధర కార్డు ధరకు రెట్టింపు దాటిందా, కార్డు లాభం. దాటలేదా, వద్దు. కొండ శిఖరాల కోసమే వెళ్ళేవాళ్ళకు ఇది పెద్ద పాసును కూడా ఓడించగలదు. 1912లో తెరిచిన, 3,454 మీటర్ల ఎత్తున్న యూంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్నే తీసుకోండి. ట్రావెల్ పాసుతో గ్రిండెల్వాల్డ్, వెంగెన్ దాకా ఉచితం. ఆ పైన పాతిక శాతమే తగ్గింపు. హాఫ్ ఫేర్ కార్డుతో సగం. 'అన్నీ ఉచితం' అనుకుని పాసు కొని, అసలు చూడాలనుకున్న కొండకు మళ్ళీ టికెట్ తీయాల్సి వచ్చినప్పుడు మొహాలు చూడాలి!

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ దగ్గరా ఇదే ఆశ్చర్యం. పాసు చెల్లుతుంది, కానీ సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి డబ్బు వేరు. బెర్నినా ఎక్స్‌ప్రెస్ కూడా అంతే. అయితే బెర్నినా పట్టాల మీదే మామూలు బళ్ళు కూడా నడుస్తాయి. అవే కొండలు, అవే వంతెనలు, రిజర్వేషన్ అక్కర్లేదు, కిటికీ కూడా తెరుచుకుంటుంది. ఫొటోలు తీసుకునేవాళ్ళు అద్దాల బోగీ కంటే దీన్నే ఇష్టపడతారు, అది సరైన పనే.

జర్మనీలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు ఆల్ప్స్ ఇంకా దగ్గర, ఇంకా చవక. 2023 మేలో 49 యూరోలతో మొదలైన డాయిచ్‌లాండ్ టికెట్ 2025 జనవరికి 58 అయింది. దేశమంతా ప్రాంతీయ రైళ్ళు, సిటీ బస్సులు నెలంతా ఎక్కొచ్చు. ఐసీఈలో చెల్లదు. మ్యూనిక్‌లో ఎక్కి గార్మిష్ వెళ్ళొచ్చు, సరిహద్దు దాటి జాల్స్‌బుర్గ్ స్టేషన్లో దిగొచ్చు. చుగ్‌ష్పిట్స శిఖరానికి వెళ్ళే పళ్ళచక్రం బండికి మాత్రం వేరే టికెట్. ఇది నెలనెలా తనంతట తానే కొనసాగే చందా. ఆపాలంటే పదో తారీకులోపు రద్దు చెయ్యాలి. ఇండియా వచ్చినప్పుడు రద్దు చెయ్యడం మర్చిపోతే, జిమ్ము సభ్యుల వరసలో ఇంకొకరు చేరినట్టే.

కొడుకు దగ్గరికి నెల రోజులకు వచ్చిన అమ్మానాన్నలకూ అదే పాసు తీయాలా? వాళ్ళు నెల మొత్తంలో ఒకటి రెండు రోజులే బయటికెళితే బయర్న్ టికెట్ చాలు. అయిదుగురి దాకా ఒకే టికెట్ మీద రోజంతా బవేరియాలో ప్రాంతీయ రైళ్ళెక్కొచ్చు. మామూలు రోజుల్లో పొద్దున్న తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. ఆ వయసువాళ్ళకు తొమ్మిదింటికి ముందు బయల్దేరే తొందర ఎలాగూ ఉండదు.

డబ్బు లెక్కంతా అయ్యాక ఇంకొకటి మిగులుతుంది. పరాయి దేశంలో, భాష రాని చోట, ప్రతి బండికీ మిషన్ ముందు నిలబడి టికెట్ తీయడం పెద్దవాళ్ళకు హింస. ఒక్క పాసు చూపించి పడవైనా, బస్సైనా, రైలైనా ఎక్కగలగడానికి వెల ఉంది. టికెట్ల మొత్తం కంటే పాసు పది శాతం ఎక్కువైనా అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు పాసే తీసుకోవడం మంచిది. కుర్రాళ్ళకు ఆ పది శాతం దండగే. ఫోన్లో టికెట్ తీయడం వాళ్ళకు ఎంతసేపు?

పాసు కొనేముందు ఒక కాయితం మీద రోజులు వరసగా రాసి, ఒక్కో రోజు పక్కన ఎక్కే బండి, దాని పూర్తి ధర వేసుకోండి. 'వీలైతే వెళదాం' అనుకున్న ఊళ్ళను కొట్టేయండి. మిగిలిన మొత్తంతోనే పాసును పోల్చండి. ఇక్కడ ఇచ్చిన స్విస్, జర్మన్ ధరలు 2025 నాటివి. వాళ్ళ టైంటేబుల్ ఏటా డిసెంబరు మధ్యలో మారుతుంది, ధరలు కూడా ఏడాది మారగానే మారుతుంటాయి. పాత యూట్యూబ్ వీడియోలో విన్న అంకెతో లెక్క వెయ్యకుండా, వెళ్ళే తేదీకి అమల్లో ఉన్న ధరను స్విట్జర్లాండ్‌దైతే అక్కడి రైల్వే ఎస్‌బీబీ యాప్‌లో, జర్మనీదైతే ఆ దేశ రైల్వే యాప్‌లో చూసుకోండి.